వాయని కాళ్లకు కాపడం

మా ఇంటి సంగతి ఎవరిని అడిగినా ఒకే ముక్క చెబుతారు: "మేనరికం చేసుకున్నరు, అందుకే పిల్లకు ఆ రోగమొచ్చింది." పెళ్లిళ్లలో చెబుతారు, చావుల దగ్గర చెబుతారు, కూరగాయల బజారులో నా వెనకాలే నిలబడి నాకు వినిపించేలా చెబుతారు. చదువుకున్నవాళ్లయితే ఇంకా గట్టి నమ్మకంతో చెబుతారు. చాలా ఏళ్లు నేనూ నమ్మాను. అది తప్పు. ఎట్లా తప్పో చెప్పడానికే ఇది రాస్తున్నాను. నా నోరు మంచిది కాదని చుట్టాలందరికీ తెలుసు కాబట్టి మొహమాటం లేకుండానే రాస్తాను.

ముందు ఎవరెవరో చెప్పాలి. మాది చంద్రపూర్. మా నాన్న మంచిర్యాల వైపు నుంచి బొగ్గు గనిలో పనికని పద్మాపూర్ వచ్చాడు. నేను పుట్టిందీ, బీకాం చదివిందీ ఇక్కడే. చదువంతా మరాఠీలో. తెలుగు అక్షరాలు అమ్మ ఇంట్లో దిద్దించింది. అమ్మకు ఒక్కడే తమ్ముడు. ఆ మేనమామ కొడుకు తిరుపతినే నేను చేసుకున్నాను. ఆయనకు పవర్ ప్లాంట్లో ఉద్యోగం. పెళ్లయి ఇన్నేళ్లయినా "బావా" అనే పిలుస్తాను. అంటే నా మామగారు మా అమ్మకు తోడబుట్టినవాడు. అత్తమ్మ మాత్రం మా రక్తం కాదు. విరూర్ పక్కన ఒక ఊరి నుంచి కోడలిగా వచ్చిన బయటి మనిషి. ఈ సంగతి ఆమె మమ్మల్ని ఎన్నడూ మరిచిపోనివ్వలేదు. మీరు కూడా మరిచిపోకండి.

మాకు ఒక్కతే బిడ్డ, శ్రావ్య. ఏదో తేడాగా ఉందని మొదటిసారి అనిపించిన రోజుకు దానికి ఏడాది నిండలేదు. మే నెల, మిట్టమధ్యాహ్నం. చంద్రపూర్ ఎండ ఎట్లుంటుందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు, బయటివాళ్లకు చెప్పినా నమ్మరు. కూలర్ ముందు పడుకోబెట్టిన పిల్ల ఉన్నట్టుండి కీచుమని ఏడ్చింది. ఆకలి ఏడుపు కాదు, నిద్ర ఏడుపు కాదు. ఎత్తుకుంటే ఇంకా ఎక్కువైంది. చూస్తే రెండు చేతుల వెనక భాగాలు పూరీల్లా ఉబ్బి ఉన్నాయి. వేళ్లు మడవడం లేదు. తేలు కుట్టిందేమోనని పక్కబట్టలన్నీ దులిపాను.

"అత్తమ్మా, ఒక్కసారి ఇటు రా! చేతులు చూడు!"

అత్తమ్మ వచ్చింది. పిల్ల చేయి పట్టుకుని చూసింది. ప్రతిదానికీ దిష్టి అనే మనిషి ఆ రోజు దిష్టి అనలేదు. లోపలికి వెళ్లి, పెనం మీద పాత చీర ముక్క వేడి చేసి తెచ్చింది. చేతులకు కాపడం పెట్టింది. తర్వాత కాళ్లకు పెట్టడం మొదలుపెట్టింది.

"కాళ్లకెందుకు? వాచింది చేతులు కదా," అన్నాను.

"ఊకో పిల్లా. నీళ్లు తాపు దానికి. చెంచాతోని తాపు," అంది.

తెల్లారేసరికి కాళ్లు కూడా వాచాయి. పెద్దవాళ్ల చేతికి అనుభవం ఉంటుంది అనుకున్నాను. నాలుగైదు రోజుల్లో వాపులు తగ్గాయి. ఎండ దెబ్బ అన్నారు. మేమూ ఎండ దెబ్బ అనుకున్నాం.

తర్వాత బడికి వెళ్లే వయసు వచ్చింది. వానాకాలం వస్తే మా ఇంట్లో ఏడుపు మొదలయ్యేది. తడిసి వస్తే చాలు, ఆ సాయంత్రానికి మోకాళ్ల కింద ఎముకలు పట్టుకుని ముడుచుకుపోయేది. "ఎవరో లోపల సుత్తెతో కొడుతున్నరు" అనేది. ఆరేడేళ్ల పిల్ల అట్లాంటి మాట ఎక్కడ నేర్చుకుంటుంది? మా వీధి చివర డాక్టరు "గ్రోయింగ్ పెయిన్స్, ఎదుగుతోంది కదా" అని ఐరన్ టానిక్ రాశాడు. ఎదగడం అంత నొప్పి అయితే ఈ లోకంలో పెద్దవాళ్లెవరూ మిగలరని ఆయన మొహం మీదే అన్నాను. ఆయనకు నచ్చలేదు. టానిక్ మాత్రం తాగించాను.

ఏడాదికి రెండుసార్లు కళ్లు పచ్చబడేవి. కామెర్లు అన్నారు. కామెర్లంటే మన ఇళ్లలో ఏం చేస్తారో మీకు తెలుసు. బామ్నిలో పసరు పోసే ఒకాయన దగ్గరికి తీసుకెళ్లాం. పొద్దున్నే పరగడుపున పసరు, నూనె లేదు, ఉప్పు లేదు, చప్పిడి అన్నం. కళ్లు తెల్లబడేవి. "చూసినవా, పసరు పనిచేసింది" అనేవాళ్లు. మళ్లీ పచ్చబడేవి. "పత్యం సరిగ్గ చెయ్యలే" అనేవాళ్లు. తగ్గితే పసరు గొప్ప, తిరగబెడితే తల్లి తప్పు. ఈ లెక్కలో ఓడిపోని వైద్యుడెవడు?

నాకు అప్పటికే భయం పట్టుకుంది. మబ్బు పడితే భయం. బడి నుంచి ఫోన్ వస్తే భయం. పొద్దున లేవగానే ముందు దాని కింది కనురెప్ప లాగి రంగు చూసేదాన్ని. "మమ్మీ, రోజూ నా కండ్లల్ల ఏం వెతుకుతవే?" అని విసుక్కునేది. ఏం వెతుకుతున్నానో నాకే తెలియదు.

నాలుగో తరగతిలో ఉండగా బడిలో పిల్లలకు రక్త పరీక్షలు చేశారు. వేలి మీద సూది గుచ్చి, చుక్క రక్తం తీసి, రక్తంలో పుట్టుకతో వచ్చే లోపం ఉందేమో చూసే సాల్యుబిలిటీ టెస్ట్. శ్రావ్యది పాజిటివ్. తల్లిదండ్రులను పెద్ద ఆసుపత్రికి రమ్మన్నారు. అక్కడ మళ్లీ రక్తం తీసుకుని ఎలక్ట్రోఫోరెసిస్ అనే గట్టి పరీక్షకు పంపారు. నాదీ, బావదీ కూడా తీసుకున్నారు.

"నాకెందుకు? నేను దున్నపోతులెక్క ఉన్న," అన్నాడు బావ.

"దున్నపోతుకైనా రక్తం ఉంటుంది, చెయ్యి చాపు," అన్నాను.

రిపోర్టులు వచ్చిన రోజు డాక్టర్ మేడమ్ మమ్మల్ని కూర్చోబెట్టింది. ఆవిడ మరాఠీ మనిషి. నిదానంగా మాట్లాడుతుంది. అంత నిదానంగా మాట్లాడితే చెడ్డ కబురేనని నాకు అప్పుడే అర్థమైంది.

"మీ పాపకు సికిల్ సెల్ డిసీజ్. ఎస్ఎస్ ప్యాటర్న్. మీరిద్దరూ క్యారియర్లు, ఏఎస్. మీకు జబ్బు లేదు, కానీ మీలో ఉంది."

"మాలో ఉంటే మాకెందుకు లేదు?" అన్నాను. అది ప్రశ్న కాదు, పోట్లాట.

ఆవిడ నా గాజులు చూసింది. "ప్రతి మనిషికీ ఈ హీమోగ్లోబిన్ తయారుచేసే జీన్ రెండు ఉంటాయి. ఒకటి తల్లి ఇచ్చింది, ఒకటి తండ్రి ఇచ్చింది. రెండు గాజులు అనుకోండి. మీ రెండింటిలో ఒకటి మంచిది, అది ఏ; ఒకటి బీటలు వారింది, అది ఎస్. మంచిది ఒక్కటున్నా పని జరిగిపోతుంది, అందుకే మీకు తెలియలేదు. బిడ్డకు ఇచ్చేటప్పుడు ఒక్కొక్కరూ ఒక్కటే ఇస్తారు. ఏది ఇస్తారో మీ చేతిలో లేదు. మీరిద్దరూ బీటలు వారినదే ఇచ్చారు. పాపకు మంచిది ఒక్కటీ రాలేదు."

అందుకే దాని రక్తంలోని ఎర్ర కణాలు గుండ్రంగా ఉండకుండా కొడవలిలా వంకర తిరుగుతాయట. వంకర తిరిగి సన్నటి నాళాల్లో ఇరుక్కుంటాయి. ఇరుక్కున్న చోటికి రక్తం అందదు. అదే ఆ సుత్తె దెబ్బ. ఆ కణాలు తొందరగా విరిగిపోతాయి, అందుకే కళ్లు పచ్చన. ఆ పచ్చదనం బామ్ని పసరుతో రాలేదు, పసరుతో పోలేదు.

"ఇద్దరు క్యారియర్లయితే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు ఈ జబ్బు వచ్చే అవకాశం," అంది మేడమ్.

బావ మొహం కాస్త తేటపడింది. "అంటే మేడమ్, నలుగురిల ఒకరికి గద. మాకు ఆ ఒక్కటి అయిపోయింది. ఇంకొకరు పుడితే వాళ్లకు రాదన్నట్టే."

"కాదండీ. గర్భానికి గుర్తుండదు. ముందు పుట్టిన బిడ్డకు ఏం వచ్చిందో దానికి తెలియదు. ప్రతిసారీ మళ్లీ మొదటినుంచే."

గర్భానికి గుర్తుండదు. ఆ మాట నా ఒంట్లోకి దిగిపోయింది. కడుపుతో ఉండగానే పరీక్ష చేసి చెప్పే వీలుందని కూడా మేడమ్ చెప్పింది. నాకు ధైర్యం చాలలేదు. పరీక్ష చేయించుకోవడానికి కాదు, ఆ రిపోర్టు కోసం ఎదురుచూడటానికి. మేం మళ్లీ బిడ్డను కనలేదు.

ఇంటికి వచ్చి చెప్పగానే అత్తమ్మ తీర్పు ఇచ్చేసింది.

"నేను ముందే అనుకున్న. ఆడబిడ్డ కడుపున పుట్టినదాన్ని తెచ్చి నా కొడుక్కు చేసిండ్రు. ఒకే ఇంటి రక్తం రెండు దిక్కుల నుంచి కలిసె. మీ అమ్మదీ మీ మామదీ ఒకటే నెత్తురు గాదు? నేను బయటిదాన్ని, నాకేం తెలుసు!"

మామయ్య తల దించుకున్నాడు. ఆయనకు నోరు తక్కువ. నాకు నోరుంది, కానీ ఆ రోజు అది పనికిరాలేదు. ఎందుకంటే ఆమె మాట నేను బడిలో చదివిన సైన్సుతో సరిగ్గా అతుక్కుంది. దగ్గరి చుట్టాల్లో ఒకే జీన్ ఉంటుంది, ఇద్దరూ ఇస్తే బిడ్డకు వస్తుంది. అమ్మమ్మో తాతయ్యో అమ్మకూ మామయ్యకూ పంచారు, వాళ్లు మా ఇద్దరికీ పంచారు. ఎంత శుభ్రంగా ఉందో చూడండి. శుభ్రంగా కనబడే అబద్ధాన్ని పట్టుకోవడం ఎంత కష్టమో అప్పుడు నాకు తెలియదు.

అమ్మ ఆ మాట విని మా ఇంటికి రావడం మానేసింది. ఎందుకు రావే అంటే, "నా నెత్తురు వల్ల నా మనుమరాలు ఏడుస్తుంటే నేను ఏ మొహం పెట్టుకొని చూడాలె" అంది. ఒకే ఊరి మనుషులం, పండగలకు కూడా పలకరింపు ఫోన్లోనే.

మందులు మొదలయ్యాయి. రోజూ ఫోలిక్ యాసిడ్. కొన్నాళ్లకు హైడ్రాక్సీయూరియా. బావ ఫోన్లో వెతికి మొహం పాలిపోయి వచ్చాడు. "సరోజా, ఇది క్యాన్సర్‌కు ఇచ్చే మందట!" ఇద్దరం పరుగెత్తుకెళ్లాం. "దానికీ వాడతారు, దీనికీ వాడతారు," అంది మేడమ్. "పుట్టకముందు పిల్లల్లో ఒక రకం హీమోగ్లోబిన్ ఉంటుంది. ఈ మందు దాన్ని మళ్లీ పెంచుతుంది. అది ఉంటే కణాలు అంత తేలిగ్గా వంకర తిరగవు. కానీ రక్తకణాల కౌంట్స్ పడిపోకుండా రక్త పరీక్షలు తప్పకూడదు. డోసు మీరు పెంచకూడదు, మీరు ఆపకూడదు." ఐరన్ టానిక్ కూడా తను చెబితేనే పోయమంది. నేను ఇంటికెళ్లి మిగిలిన సీసా మోరీలో వంపేశాను.

క్రైసిస్‌లు, అంటే ఆ నొప్పులు ఒక్కసారిగా విరుచుకుపడటం, తగ్గాయి. పోలేదు. నీళ్ల బాటిల్ దాని ఒంట్లో భాగమైపోయింది. చలిలో స్వెట్టర్ మీద స్వెట్టర్, ఎండలో గడప దాటనివ్వకపోవడం, జ్వరం వస్తే అర పూట కూడా ఆగకుండా ఆసుపత్రి. "అగ మమ్మీ, టెన్షన్ నకో ఘేఊ" అని మరాఠీలో నన్నే ఓదార్చేది. టెన్షన్ తీసుకోవద్దట. తీసుకోవడానికి అదేమన్నా దుకాణంలో సరుకా?

పదో తరగతి పరీక్షలు అయిన వేసవిలో అసలు దెబ్బ తగిలింది. ముందు జ్వరం. తర్వాత ఛాతీలో నొప్పి. ఊపిరి తీస్తే పక్కటెముకల దగ్గర పట్టేస్తోందంది. నొప్పి మామూలే కదా అని బావ అన్నాడు. నేను దాని పెదవులు చూశాను. రంగు సరిగ్గా లేదు. ఆటోలో దారి పొడుగునా అది నా భుజం మీద చిన్న చిన్న ఊపిర్లు తీస్తూనే ఉంది. ఒక్కో ఊపిరికీ తర్వాతిది వస్తుందో లేదో అని నేను నా ఊపిరి ఆపుకున్నాను.

ఎక్స్‌రే చూసి మేడమ్ నిలబడే మాట్లాడింది. "అక్యూట్ చెస్ట్ సిండ్రోమ్. ఊపిరితిత్తుల్లో కణాలు ఇరుక్కున్నాయి. ఐసీయూకు తీసుకుంటున్నాం. ఆక్సిజన్ పడిపోతోంది. రక్తం ఎక్కించాలి."

"బతుకుతుందా?" అన్నాను.

"ఇవాళ గడవనివ్వండి."

అబద్ధం చెప్పమని అడగలేను కదా. ఐసీయూ తలుపుకు గుండ్రటి చిన్న అద్దం ఉంటుంది. అందులోంచి దాని పాదాలే కనిపించేవి. పాదాలు కదిలితే బతికున్నట్టు. నర్సు దుప్పటి కప్పేస్తే నా ప్రాణం పోయేది. "సిస్టర్, పాదాలు కప్పకండి" అని బతిమాలితే, పిచ్చిదాన్ని చూసినట్టు చూసి, మళ్లీ ఏమనుకుందో, దుప్పటి పైకి జరిపింది.

కబురు తెలిసి అందరూ వచ్చారు. అమ్మ కూడా వచ్చింది. ఎన్నో ఏళ్ల తర్వాత అమ్మా అత్తమ్మా ఒకే బెంచీ మీద, మధ్యలో ఒక మనిషి పట్టేంత ఖాళీ వదిలి కూర్చున్నారు. బావతో పనిచేసే కుర్రాళ్లు రక్తం ఇచ్చారు. వాళ్లకు కూడా ముందు సికిల్ టెస్ట్ చేసి, లేదని తేలాకే తీసుకున్నారు. అది చూసి మామయ్య ముందుకొచ్చాడు. "నాది తీస్కోండ్రి." వయసు దాటింది, వద్దన్నారు. ఆయన కదల్లేదు. "తీస్కోకుంటే మానె. పరీక్షన్న చెయ్యండ్రి. నా నెత్తురే గద ఇంత పని చేసింది. ఎంత చెడ్డగున్నదో నన్ను చూడనియ్యండ్రి."

జీవితంలో ఆయన అంత పొడుగు మాట మాట్లాడటం నేను అప్పుడే విన్నాను. మేడమ్ ఆగి ఆయన్ను చూసింది. "మంచి మాటే. ఇంట్లో అందరూ చేయించుకోండి. మీ చుట్టాల పిల్లల పెళ్లిళ్లకైనా పనికొస్తుంది," అంది. అమ్మ లేచింది. అత్తమ్మ లేవలేదు.

"నాకెందుకు? నేను బయటిదాన్ని."

"బయటిదానివైతే నీకొచ్చేదేముంది? లేదని తేలుతుంది, ఇంకో పదేళ్లు మమ్మల్ని తిట్టుకోవచ్చు. పద," అన్నాను.

"సూదంటే నాకు భయం."

"లోపల నా బిడ్డ చేతికి ఎన్ని సూదులున్నయో తెలుసా అత్తమ్మా!"

అందరూ మమ్మల్నే చూస్తున్నారు. ఆమె లేచింది. సూది గుచ్చినప్పుడు కళ్లు మూసుకోలేదు. సూదికి భయపడే మనిషి సూది వైపు అట్లా చూడదు.

శ్రావ్యకు ఆ రోజు గడిచింది. మర్నాడూ గడిచింది. ఆక్సిజన్ మెల్లగా తగ్గించారు. వార్డుకు మార్చిన తర్వాత మేడమ్ నన్నూ బావనూ పిలిచింది.

"మీ మామగారు ఏఏ. పూర్తిగా నార్మల్. మీ అమ్మగారు కూడా ఏఏ."

నాకు అర్థం కాలేదు. "మరి?"

"మీ అత్తగారు ఏఎస్, క్యారియర్. మీ భర్తకు వచ్చింది ఆవిడ నుంచి. మీ అమ్మగారిలో లేదు కాబట్టి మీకు వచ్చింది మీ నాన్నగారి నుంచే అయి ఉండాలి."

నాన్న అప్పటికే లేడు. బతికుండగా ఒక్కనాడు మంచం ఎక్కని మనిషి. నేను అలవాటు కొద్దీ వాదనకు దిగాను. "అయితే మేనరికం తప్పు కాదన్నమాట!"

"నేను అట్లా అనలేదు," అంది మేడమ్. "దగ్గరి రక్తంలో ఒకే జీన్ రెండు వైపులా ఉండే అవకాశం ఎక్కువే. మేనరికం వద్దనే చెబుతాను. కానీ మీ పాపకు ఆ దారిలో రాలేదు. ఏ సంబంధమూ లేని రెండు కుటుంబాల నుంచి వచ్చింది. మన ప్రాంతంలో ఇది చాలామందిలో ఉంది. మీరిద్దరూ చుట్టాలు కాకపోయినా, పరీక్ష చేయించుకోకుండా పెళ్లి చేసుకుంటే ఇదే జరిగేది."

"ఇక్కడే ఎందుకంత ఉంది?"

"అడవి ప్రాంతం, మలేరియా ప్రాంతం. ఒక్క ఎస్ ఉన్నవాళ్లను మలేరియా అంత తేలిగ్గా చంపలేదు. అందుకే వాళ్లు బతికి, తరతరాలకూ ఇచ్చుకుంటూ వచ్చారు."

తాతముత్తాతలను దోమల నుంచి కాపాడిందట. కాపాడినదానికి కిరాయి నా బిడ్డ దగ్గర వసూలు చేస్తోంది.

ఇది తెలిశాక నాకు భయం తగ్గిందనుకుంటారేమో. పెరిగింది. అంతవరకూ ఆ రోగానికి ఒక ఇల్లు ఉండేది, మా ఇల్లు. మేం మళ్లీ మేనరికం చేసుకోకపోతే అది ఆ గడపలోనే ఆగిపోతుందనుకున్నాను. ఇప్పుడు బజారులో నడుస్తుంటే ఎవరి ఒంట్లో ఉందో, ఎవరికీ తెలియకుండా ఎక్కడెక్కడ తిరుగుతోందో అనిపిస్తుంది. మా చుట్టాల్లో చాలామంది మమ్మల్ని చూసి మేనరికాలు మానుకున్నారు. మంచిదే. "మాది బయటి సంబంధమే, మాకేం భయం లేదు" అని పరీక్ష లేకుండానే లగ్గాలు పెట్టుకుంటున్నారు. ఆ పత్రికలు చూస్తే నా గుండె జారిపోతుంది.

అమ్మకు వార్డులోనే చెప్పాను. వెళ్లి శ్రావ్య మంచం మీద కూర్చుంది. దాని కాలు ఒళ్లో పెట్టుకుంది. "నాది గాదంట బిడ్డా," అంది, అంతే.

అత్తమ్మకు బావ చెప్పాడు. మామయ్య పక్కనే ఉన్నాడు. ఇన్నేళ్లు తల దించుకున్న మనిషి. ఇప్పుడైనా ఒక మాట అంటాడని నేను కాచుకుని ఉన్నాను. ఆయన వెళ్లి ఆమెకు చాయ్ తెచ్చి ఇచ్చాడు. ఆ చాయ్ ఆమె చేతిలోనే చల్లారింది.

డిశ్చార్జికి ముందు రోజు పొద్దున, వరండాలో నేను బట్టలు ఆరేస్తుంటే అత్తమ్మ వచ్చి పక్కన నిలబడింది.

"నాకో అక్క ఉండె," అంది.

నేను ఆగాను. ఇన్నేళ్లలో ఆమె అక్క సంగతి నేను విననే లేదు.

"నాకన్న పెద్దది. చేతులు ఉబ్బేటియి. తరువాత కాళ్లు. వానల తడిస్తే కాళ్ల బొక్కలు పట్టుకొని ఏడ్సేది. కండ్లు పచ్చగుండేటియి. గాలి సోకిందన్నరు. మా అమ్మ గుడ్డ కాచి పెట్టేది, నీళ్లు తాపేది. నీళ్లు తాపితే జర నిమ్మలపడేది. ఒకనాడు దమ్మొచ్చింది, ఛాతి పట్టుకున్నది. ఆస్పత్రి ఏడున్నది గప్పుడు."

"ఎంత వయసు?"

"పెద్దమనిషి కాలే ఇంక."

"పేరేంది అత్తమ్మా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. "పేరు తియ్యద్దు."

వాళ్ల ఇళ్లలో అదొక పద్ధతి. చిన్నప్పుడే పోయిన పిల్ల పేరు మళ్లీ పలకరు. పలికితే ఇంట్లో ఇంకో పిల్ల మీదికి వస్తుందని భయం. పేరు తీయరు కాబట్టి ఆ పిల్ల సంగతి రాదు. సంగతి రాదు కాబట్టి రోగం సంగతీ రాదు. పెళ్లిళ్లు కుదుర్చుకునేటప్పుడు అడిగేవాళ్లు లేరు, చెప్పేవాళ్లు లేరు. పేరైతే దాచారు. రోగం మాత్రం ఆమె ఒంట్లో కూర్చుని మా ఇంటికి వచ్చింది.

ఇప్పుడు శ్రావ్యకు ఇరవై దాటింది. బీఎస్సీ చదువుతోంది. హైడ్రాక్సీయూరియా నడుస్తోంది. ఏడాదికి ఒకటి రెండుసార్లు ఆసుపత్రి తప్పడం లేదు. మొన్న తనే అంది, "మమ్మీ, నా దగ్గర ఉన్నయి రెండూ ఎస్సే. నేను పిల్లల్ని కంటే ఒక ఎస్ పక్కా ఇస్త. ఎదుటోడు ఏఏ అయితేనే పిల్లలు మంచిగుంటరు. క్యారియర్ అయితే సగం సగం. అందుకని పోరగాడు నచ్చినా ముందు రిపోర్ట్ దాఖవ్ అంట." రిపోర్ట్ చూపించమంటుందట. నవ్వుతూనే అంది. నేను నవ్వలేదు. మేడమ్‌ను అడిగితే, దాని లెక్క కరెక్టే, కానీ కడుపుతో ఉండటమే దాని ఒంటికి ప్రమాదం, అప్పుడు ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలంది. నాకు ఒక భయం తీరకముందే దాని వెనక ఇంకొకటి వరసలో నిలబడి ఉంటుంది.

ఇది చదివేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. పెళ్లికి ముందు పరీక్ష చేయించండని డాక్టర్లు ఎలాగూ చెబుతారు, వినండి. దానికంటే ముందు ఇంకో పని చేయండి. మీ ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి, చిన్నప్పుడే పోయిన పిల్లలు ఎవరున్నారో అడగండి. తండ్రి వైపూ అడగండి, తల్లి వైపూ అడగండి, బయటి నుంచి వచ్చిన కోడళ్లనూ అడగండి. పేరు తీయకూడదంటే పేరు వద్దు. ఏమైందో చెప్పమనండి. నొప్పులా, కామెర్లా, దమ్మా? ఆ మాట తీసుకెళ్లి డాక్టరు చెవిన వేయండి. పెద్దవాళ్లు ఇంకా ఉన్నప్పుడే అడగండి.

అత్తమ్మ ఇంకా ఉంది. ముసలిదైంది, వినికిడి తగ్గింది. ఇప్పటికీ పొద్దున్నే శ్రావ్య బాటిల్ నింపి మంచం పక్కన పెట్టేది ఆమే. నేను అడగాలనుకుంటున్నానని ఆమెకు తెలుసు. రెండు మూడుసార్లు అడిగాను కూడా. ప్రతిసారీ, "నీళ్లు తాపినవా దానికి?" అని లేచి వెళ్లిపోతుంది. గట్టిగా అడిగితే వినబడలేదంటుంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను, ఎవరైనా ఆమెకు చదివి వినిపిస్తారని.

ఆ మే నెల మధ్యాహ్నం నా బిడ్డ చేతులు మాత్రమే వాచాయి. నువ్వు కాళ్లకు కూడా గుడ్డ కాచి పెట్టావు. అత్తమ్మా, నీకు ఆ రోజే తెలుసా?